కావలి పక్కన మా చిన్న బడి: అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా ఉన్న చిన్న ప్రైవేటు బడి. కావలి టౌను అంచున ఉంటుంది. తరగతికి ఒక్కటే సెక్షను, సెక్షనుకు ముప్ఫై మందికి మించి చేర్చుకోం. టౌనుతో పాటు బోగోలు, జలదంకి వైపు పల్లెల నుంచి, తుమ్మలపెంట దారిలో ఉన్న ఊళ్ల నుంచి పిలకాయలు వస్తారు. చేర్పించాలని వచ్చినవాళ్లు, ఇప్పటికే చేర్పించినవాళ్లు పదే పదే అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట రాశాను. మా దగ్గర లేనివి లేవనే రాశాను. ఈ బడి మీ బిడ్డకు సరిపోదనిపిస్తే ఆ సంగతి ముందే తేలడం మంచిది. జూన్‌లో చేర్పించి ఆగస్టులో టీసీ తీసుకుంటే నలిగిపోయేది బిడ్డే.

హాస్టల్ ఉందా?

లేదు. పెట్టే ఆలోచన కూడా లేదు.

నెల్లూరు జిల్లాలో ఈ ప్రశ్న ముందుగా రావడం సహజమే. ఆరో తరగతికే పెట్టె సర్ది హాస్టల్లో దించి రావడం ఇక్కడ చాలా ఇళ్లలో మామూలైపోయింది. కొందరికి వేరే దారి ఉండదు. భార్యాభర్తలిద్దరూ బెంగుళూరులోనో చెన్నైలోనో పనిలో ఉంటారు, ఊళ్లో చూసుకునే మనిషి ఉండరు. వాళ్లను నేను తప్పుపట్టను. ఇంట్లో మనుషులుండి, బడి దగ్గర్లోనే ఉండి కూడా "హాస్టల్లో వేస్తేనే చదువుతాడు మేడం" అనే వాళ్లతో మాత్రం గట్టిగానే మాట్లాడతాను. పదేళ్ల బిడ్డ రాత్రి అన్నం తినేటప్పుడు పక్కన అమ్మ ఉండాలి. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసే మనిషి ఉండాలి. వాళ్ల నాయన వడ్లు తూకం వేయించేటప్పుడు పక్కన నిలబడాలి, అవ్వ చీటీ డబ్బు లెక్కపెట్టుకునేటప్పుడు వినాలి. మా తరగతిలో వడ్డీ లెక్క చెప్పినప్పుడు ఠక్కున అందుకునేది ఇలాంటివి చూసిన పిలకాయలే.

కాబట్టి మేం ఇవ్వగలిగిన పెద్ద సౌకర్యం ఇదొక్కటే: పొద్దున తొమ్మిదికి వచ్చిన బిడ్డ సాయంత్రం నాలుగున్నరకు ఇంటిదారి పడుతుంది, చదువు చాలావరకు బడిలోనే పూర్తవుతుంది. మిగతా ఏర్పాట్లన్నీ దీనికోసం చేసుకున్నవే.

గుర్తింపు ఉందా? ఏ సిలబస్?

పదో తరగతి వరకు రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు ఉంది. రాష్ట్ర సిలబస్, ఇంగ్లీషు మీడియం, చివర్లో ఎస్సెస్సీ బోర్డు పరీక్షలు. పత్రాలన్నీ ఆఫీసు గదిలో గోడకు ఉన్నాయి, తీరిగ్గా చదువుకోండి.

మా దగ్గరనే కాదు, ఎక్కడ చేర్పించినా "గుర్తింపు ఏ తరగతి దాకా ఉంది?" అని తప్పకుండా అడగండి. ఏడో తరగతి వరకే అనుమతి ఉన్న చోట తొమ్మిది, పది చదివించి, పరీక్ష వేరే బడి పేరు మీద రాయించడం అక్కడక్కడా జరుగుతూనే ఉంది. ఆ సంగతి హాల్‌టికెట్ చేతికొచ్చాక తెలిస్తే ఆ ఇంట్లో ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. బడుల, విద్యార్థుల వివరాలు ఉంచే ప్రభుత్వ రికార్డు యూడైస్‌లో ప్రతి బడికీ పదకొండు అంకెల నంబరు ఉంటుంది, దాన్ని అడిగి రాసుకోండి.

సీబీఎస్ఈ కాకపోతే వెనకబడిపోతారేమోనని కొందరి భయం. మన రాష్ట్రంలో ఇప్పుడు లెక్కలు, సైన్సు, సోషల్ పుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల ఆధారంగానే వస్తున్నాయి. 2024-25 నుంచి పదో తరగతికీ అవే వచ్చాయి. ఇంటర్‌లో చేరాక పెద్ద తేడా కనపడదు.

చేర్చుకోవడానికి పరీక్ష పెడతారా? ఏ కాగితాలు తేవాలి?

పరీక్ష పెట్టం. బిడ్డకైనా తల్లిదండ్రులకైనా ఇంటర్వ్యూ పెట్టి వడపోయకూడదని విద్యాహక్కు చట్టం 2009లోనే చెప్పింది, డొనేషన్ తీసుకోకూడదని కూడా చెప్పింది. చేరాక ఒక వారం పాటు బిడ్డ ఎంత చదవగలదో, ఏ లెక్కలు వచ్చో టీచరు చూస్తుంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలుసుకోవడానికే అది.

ఒకటో తరగతికి ఐదేళ్లు నిండి ఉండాలి. జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, రెండు ఫోటోలు, పై తరగతులకైతే టీసీ తెండి. ఏదైనా ఒకటి లేదని బిడ్డను వెనక్కి పంపం. బడికి వస్తూ ఉండగానే కాగితం తెచ్చుకోవచ్చు. పేరు, ఇంటిపేరు స్పెల్లింగు మాత్రం ఆధార్‌లో, జనన పత్రంలో ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపే వేళ దిద్దించుకోవాలంటే మీసేవ చుట్టూ తిరిగి తిరిగి కాళ్లు నొప్పులు పుడతాయి.

ఉచిత సీట్లు ఉంటాయట కదా?

ఉంటాయి. విద్యాహక్కు చట్టం సెక్షను 12(1)(సి) కింద ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. మన రాష్ట్రంలో 2022-23 నుంచి ఇది అమలవుతోంది. దరఖాస్తు మా దగ్గర కాదు, పాఠశాల విద్యాశాఖ వెబ్‌సైటులో ఆన్‌లైన్‌లో పెట్టాలి. సచివాలయంలో అడిగినా సాయం చేస్తారు. ఎంపిక లాటరీలో జరుగుతుంది, ఇంటికీ బడికీ ఎంత దూరమో కూడా చూస్తారు. ఆ సీటులో వచ్చిన బిడ్డ దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకోం. ఎవరు ఏ సీటులో చేరారో తరగతిలో టీచర్లకు కూడా చెప్పం.

ఫీజు ఎలా కట్టాలి?

తరగతుల వారీగా ఫీజు ఆఫీసు తలుపు పక్కన అతికించి ఉంటుంది. అందరికీ ఒకటే ఫీజు, బేరం లేదు. అందులో పరీక్ష పేపర్లు, లైబ్రరీ, ల్యాబు ఖర్చు కలిసే ఉన్నాయి. బస్సు, పుస్తకాలు, యూనిఫాం వేరు. నోటు పుస్తకాలు, బూట్లు ఏ కొట్లోనైనా కొనుక్కోండి. మా దగ్గరే కొనాలన్న రూలు లేదు.

మామూలుగా మూడు కంతులు: జూన్, అక్టోబరు, ఫిబ్రవరి. అయితే మన దగ్గర అందరికీ నెల తిరిగేసరికి జీతం రాదు. సముద్రంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది. మామూలుగా బడి తెరిచేది జూన్ 12న. అంటే రెండు నెలలు పడవ ఒడ్డున పెట్టుకుని కూర్చున్న ఇంటికి, వల నీళ్లలో పడకముందే బడి ఫీజు వచ్చి పడుతుంది. వేట మీద బతికే కుటుంబాలకు మొదటి కంతు ఆగస్టుకు మార్చింది అందుకే. పొగాకు వేసినవాళ్లు వేలం మొదలయ్యాక, వరి రైతులు కోతలయ్యాక, రొయ్యల గుంటలు ఉన్నవాళ్లు పట్టుబడి అయ్యాక కట్టుకోవచ్చు. చేర్పించే రోజే మీ తేదీలు చెప్పి రాయించుకోండి చాలు. రొయ్య రేటు పడిపోయిన ఏడాది ముందుగా వచ్చి ఒక మాట చెప్పండి, సర్దుబాటు చేద్దాం. చెప్పకుండా ఫోన్ ఎత్తడం మానేస్తేనే ఇద్దరికీ ఇబ్బంది.

ఫీజు మాట పిలకాయల ముందు ఎత్తం. తరగతిలో నిలబెట్టడం, పరీక్ష హాలు బయట ఉంచడం ఈ బడిలో జరగదు. బాకీ పెద్దవాళ్లది, మాట్లాడేదీ పెద్దవాళ్లతోనే.

తల్లికి వందనం మీ బడి పిల్లలకు వస్తుందా?

అర్హత ఉన్న కుటుంబాలకు వస్తుంది. ఆ పథకం ప్రైవేటు బడుల విద్యార్థులకూ వర్తిస్తుంది. 2025 జూన్‌లో అమలైనప్పుడు ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయలు కేటాయించి, 2,000 బడుల నిర్వహణ కింద మినహాయించి, 13,000 తల్లి ఖాతాలో వేశారు. 75 శాతం హాజరు ఉండాలన్నది నిబంధన. డబ్బు ఆగిపోతే ఎక్కువసార్లు కారణం తల్లి బ్యాంకు ఖాతాకు ఎన్‌పీసీఐ లింకు, అంటే ప్రభుత్వ డబ్బు పడేలా ఆధార్ జోడింపు, లేకపోవడమే. బ్యాంకుకు వెళ్లి చూపించుకోండి. మేం చేయగలిగింది హాజరు, ఆధార్ వివరాలు తప్పుల్లేకుండా ఎక్కించడం వరకే.

ప్రభుత్వ బడిలో అన్నీ ఉచితం కదా, మీ దగ్గరికి ఎందుకు రావాలి?

తప్పకుండా రావాలని నేను చెప్పను. ప్రభుత్వ బడిలో ఫీజు లేదు, పుస్తకాలు, బ్యాగు, యూనిఫాం ఇస్తారు, డొక్కా సీతమ్మ పేరు మీద మధ్యాహ్న భోజనం పెడతారు. టీచర్లు డీఎస్సీ రాసి వచ్చినవాళ్లు. మీ ఊరి బడిలో తరగతికో టీచరు ఉండి, వాళ్లు రోజూ వస్తూ ఉంటే, ఆ బడి ఇంటి పక్కనే ఉంటే, అక్కడే చేర్పించండి. మిగిలిన డబ్బుతో బిడ్డకు పాలు, గుడ్లు, కథల పుస్తకాలు కొనండి.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు. అందులో ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు అదనంగా 4 శాతం కలుపుతారు. మా పిలకాయలకు అది రాదు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్పు కూడా ప్రైవేటు బడి వాళ్లకు లేదు. ఇవి తెలియకుండా మీరు నిర్ణయం తీసుకోకూడదు.

మా దగ్గరికి రావడానికి సరైన కారణం ఏమిటంటే, ఒక్కో తరగతికి ఒక్కో టీచరు, ఒక్కో సెక్షనులో తక్కువ మంది, బిడ్డ రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఇంటికి ఫోను. మీ ఊరి బడిలో ఒకే అయ్యవారు అన్ని తరగతులూ చూసుకోవాల్సి వస్తుంటే ఈ తేడా గట్టిగానే తెలుస్తుంది.

టీచర్లు ఏం చదివారు? తరచూ మారిపోతుంటారా?

చిన్న తరగతులకు డీఎడ్, పై తరగతులకు బీఎడ్ చేసినవాళ్లు ఉన్నారు. మారతారు, దాచేదేం లేదు. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు మా దగ్గర నుంచీ వెళ్లారు. ప్రభుత్వ ఉద్యోగం వస్తే వెళ్లొద్దని ఎవరు చెబుతారు? అందుకే ప్రతి బిడ్డకూ ఒక చిన్న నోటు పుస్తకం పెట్టాం. ఏ లెక్క దగ్గర ఆగుతుంది, ఏ పాఠం ఇష్టం, ఇంట్లో ఎవరు చదివిస్తారు, కంటి అద్దాలు కావాలా అన్నీ అందులో ఉంటాయి. కొత్త టీచరు మొదటి వారం పాఠం కంటే ముందు అవి చదువుతుంది.

మా వాడికి ఇంగ్లీషు ఎన్నాళ్లకు వస్తుంది?

దీనికి కాస్త ఓపిగ్గా జవాబు చెప్పాలి.

ఒకటి, రెండు తరగతుల్లో మా పట్టుదల అంతా తెలుగు చదవడం మీద. ఇంట్లో మాట్లాడే భాషలో అక్షరాన్ని శబ్దంగా, శబ్దాన్ని మాటగా, మాటను అర్థంగా మార్చుకోవడం ఒకసారి అలవాటైతే, ఆ పని రెండో భాషలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. తెలుగు తడబడుతూ చదివే బిడ్డ చేత ఇంగ్లీషు పాఠం బట్టీ పట్టిస్తే పేజీ చూడకుండానే గడగడా అప్పజెబుతుంది. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటని అడిగితే నోరు మెదపదు. ఇలా అప్పజెప్పడం చూసి మురిసిపోయే అమ్మానాన్నలు చాలామందే ఉన్నారు.

రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక అరగంట చదువు గంట. వరండాలో చాపలు పరిచి, కథల పుస్తకాల ట్రంకుపెట్టె మూత తీస్తాం. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. టీచరు ఒక్కొక్కరి పక్కన రెండేసి నిమిషాలు కూర్చుంటుంది. రెండో తరగతి పిల్ల వేలు వాక్యం కింద జరుపుతూ "క... ర్ర..., కర్ర" అని కూడబలుక్కుని, వెంటనే "చక్రం" దగ్గరికి వచ్చి "చర్కం" అంటుంది. టీచరు అప్పుడు దిద్దదు. వాక్యం పూర్తికానిచ్చి, "చర్కం అంటే ఏందమ్మా?" అని అడుగుతుంది. పిల్ల బొమ్మ చూస్తుంది, బండి చక్రం కనిపిస్తుంది, తనంతట తనే వెనక్కి వెళ్లి సరిగ్గా చదువుతుంది. నోటు పుస్తకంలో "ర ఒత్తు తికమక" అని ఆ రోజు తేదీతో ఎక్కుతుంది. పక్క వారం ర ఒత్తు మాటలున్న కథ ఆ పిల్ల చేతికి వెళ్తుంది.

ఇంగ్లీషు ఎల్‌కేజీ నుంచే వినిపిస్తాం, మాట్లాడిస్తాం: పాటలు, ఆటలు, "నీళ్లు తాగి రానా" లాంటి రోజువారీ మాటలు. చదవడం, రాయడం మీద గట్టి పని రెండో తరగతి సగం నుంచి మొదలవుతుంది. ఐదో తరగతి ముగిసేసరికి వయసుకు తగ్గ ఇంగ్లీషు కథ తనంతట తాను చదివి, మూడు నాలుగు సొంత వాక్యాలు రాయగలగాలన్నది మా లెక్క. ఎల్‌కేజీ అయ్యేసరికి ఇంగ్లీషులో మాట్లాడాలంటే ఈ బడి మీకు నచ్చదు.

తెలుగు మాట్లాడితే జరిమానా లేదు. పదో తరగతి దాకా తెలుగు మొదటి భాష, వంద మార్కుల పేపరు.

రామాయపట్నం పోర్టు పనుల కోసం వచ్చిన వేరే రాష్ట్రాల కుటుంబాల పిలకాయలు కూడా కొందరు ఉంటారు. వాళ్లకు మొదటి మూడు నెలలు తెలుగు పరీక్ష పెట్టం. పక్కన కూర్చునే స్నేహితుడే వాళ్లకు మంచి గురువు.

ఐఐటీ ఫౌండేషన్ ఉందా?

లేదు. ఆరో తరగతి వాడి చేత పదకొండో తరగతి లెక్కలు చేయించే పుస్తకాలు మేం తెప్పించం. ఆరో తరగతిలో భిన్నాలు, నిష్పత్తులు, శాతాలు గట్టిపడాలి. పదో తరగతిలో లెక్కల భయం ఉన్నవాళ్లను కూర్చోబెట్టి చూస్తే, ఎక్కువమంది ఆగిపోయింది ఈ మూడింటి దగ్గరే. ఇంటి స్థలం అంకణాల్లో ఎంత, సెంట్లలో ఎంత అని వాళ్ల చేతే కొలిపిస్తాం. ఒక సెంటు 435.6 చదరపు అడుగులు. టేపు పట్టుకుని బడి ఆవరణ కొలిచి, సెంట్లలోకి మార్చి, ఇంటికెళ్లి దస్తావేజులో రాసింది సరిచూసుకుని వచ్చిన పిలకాయలు ఉన్నారు.

నవోదయ ఆరో తరగతి పరీక్ష రాస్తామంటే ఐదో తరగతిలో సాయంత్రం ఒక గంట కూర్చోబెడతాం. దానికి విడిగా ఫీజు లేదు. కానీ నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ కోటావి. ఆ కోటా కావాలంటే 3, 4, 5 తరగతులు పల్లెలోని బడిలో చదివి ఉండాలి. మా బడి మున్సిపాలిటీ పరిధిలోకి వస్తుంది. నవోదయే మీ లక్ష్యమైతే రెండో తరగతి అవగానే ఈ సంగతి ఆలోచించుకోండి.

ల్యాబులు, కంప్యూటర్లు?

ఒకే గదిలో సైన్సు ల్యాబు, ఆ పక్క గదిలో కొన్ని కంప్యూటర్లు. పెద్ద బడుల్లో ఉన్నంత సామాను లేదు. ఉన్నవాటిని పిలకాయల చేతికి ఇస్తాం, అద్దాల బీరువాలో తాళం వేసి ఉంచం.

మాకు ఇంకో ల్యాబు ఉంది, రొయ్యల గుంట. ఏడో తరగతిలో కిరణజన్య సంయోగక్రియ చెప్పేటప్పుడు టీచరు ఒక ప్రశ్న వేస్తుంది: "గుంటల మీద ఏరియేటర్లు, అదే నీళ్లలోకి గాలి కలిపే చక్రాలు, రాత్రిపూటే ఎందుకు ఎక్కువ తిప్పుతారు?" గుంటలున్న ఇళ్ల పిలకాయలకు నాయన తెల్లవారుజామున మూడింటికి లేచి వెళ్లడం తెలుసు, ఎందుకో తెలియదు. పగలు నీళ్లలోని నాచు ఎండ తీసుకుని ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఎండ ఉండదు, అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి ఆక్సిజన్ వాడుకుంటాయి. అందుకే తెల్లవారే ముందు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. ఆ పాఠం జరిగిన రోజు ఇంటికెళ్లి నాయనకు వివరించి వచ్చిన పిల్లవాడు మర్నాడు సీసాలో గుంట నీళ్లు తెచ్చాడు. పీహెచ్ కాగితం ముంచి రంగు చూశాం, మున్సిపాలిటీ కుళాయి నీళ్లతో పోల్చాం, ఉప్పు ఎంత మిగులుతుందో చూద్దామని పళ్లెంలో పోసి డాబా మీద పెట్టాం. ఆ తరగతి వాళ్లు ఈ పాఠాన్ని పరీక్షలో తప్పు రాయరు.

హోంవర్క్ ఎంత ఇస్తారు? ట్యూషన్ పెట్టించాలా?

రెండో తరగతి దాకా హోంవర్క్ లేదు. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ చెప్పేది కూడా ఇదే. బ్యాగు బరువు బిడ్డ బరువులో పదో వంతు దాటకూడదని కూడా అందులో ఉంది, అందుకే చిన్నవాళ్ల పుస్తకాలు బడిలోనే అరల్లో పెట్టిస్తాం. మూడు నుంచి ఐదు దాకా చదవడం, ఎక్కాలు. పై తరగతులకు గంట పని.

ట్యూషన్ వద్దు. అర్థం కానిది ఉంటే సాయంత్రం ఐదున్నర దాకా స్టడీ అవర్ ఉంది, ఫీజు లేదు. పదో తరగతికి డిసెంబరు నుంచి ఇది తప్పనిసరి, ఆ నాలుగు నెలలు వాళ్లకు అల్పాహారం మేమే పెడతాం.

కొడతారా? "రెండు తగిలించండి మేడం" అని చెప్పొచ్చా?

కొట్టం. మీరు రాసిచ్చినా కొట్టం. కొట్టడమే కాదు, మనసు నొప్పించేలా అవమానించడం కూడా విద్యాహక్కు చట్టం సెక్షను 17 కింద నిషిద్ధం. ఏ టీచరైనా చెయ్యి చేసుకుంటే నేరుగా నాకు చెప్పండి. నాకు చెప్పడం ఇష్టం లేకపోతే 1098కి ఫోన్ చేయండి. ఆ నంబరు ప్రతి తరగతి గదిలో రాసి ఉంటుంది, పిలకాయలకు నోటికి వచ్చు.

చదువులో వెనకబడిన బిడ్డను చేర్చుకుంటారా?

చేర్చుకుంటాం. ముందు కళ్లు, చెవులు చూపించమంటాం. బోర్డు కనపడక మొద్దబ్బాయి అనిపించుకున్నవాళ్లు ఉన్నారు. డిస్‌లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) లాంటిది ఉందేమోనన్న అనుమానం వస్తే నెల్లూరులో డాక్టరుకు చూపించి సర్టిఫికెట్ తెచ్చుకోవడం మంచిది. పదో తరగతి పరీక్షల్లో రాసిపెట్టే మనిషినీ, అదనపు సమయాన్నీ ఇస్తారు, కానీ దానికి కాగితాలు ముందే సిద్ధంగా ఉండాలి. స్పెషల్ ఎడ్యుకేటర్ మా దగ్గర లేరు. ఎక్కువ సాయం కావలసిన బిడ్డలకు మండలంలోని భవిత కేంద్రం దారి చూపిస్తాం.

ఆటలు, విహారయాత్రలు?

ఖోఖో, కబడ్డీ, వాలీబాల్. మైదానం చిన్నదే, క్రికెట్ కుదరదు. పీఈటీ పీరియడు లెక్కల సారుకు ఇచ్చేయడం ఈ బడిలో లేదు, పదో తరగతికైనా సరే.

యాత్రలంటే వాటర్ పార్కులు కాదు. సోమశిల డ్యాము, ఉదయగిరి కోట, అక్కడ కొయ్య గరిటెలు చెక్కే ఇళ్లు, జువ్వలదిన్నె హార్బరు, చలికాలంలో పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలు. తొమ్మిదో తరగతి వాళ్లను దూబగుంట తీసుకెళ్తాం. 1990ల మొదట్లో ఆ ఊరి ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు దిద్దుతూ దిద్దుతూ సారా కొట్టు మీదికి వెళ్లారు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలిచిన ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. చదువుకుంటే ఏమొస్తుందని అడిగే వయసు పిలకాయలు ఆ వీధుల్లో నడిచి, అప్పటి సంగతులు పెద్దవాళ్ల నోట వినాలి.

బస్సు ఉందా?

రెండు బస్సులు, మూడు రూట్లు. ఏటా బడి తెరిచే ముందు ఆర్టీఏ ఆఫీసులో ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయిస్తాం, బస్సులో ఆయమ్మ ఉంటుంది. హైవే అవతల దిగేవాళ్లను ఆయమ్మ చెయ్యి పట్టుకుని దాటించి వస్తుంది, ఆలస్యమైనా సరే. ఐదో తరగతి దాకా మీరు పేరు రాసిచ్చిన మనిషికే బిడ్డను అప్పగిస్తాం. "మేనమామను" అని ఎవరో వచ్చి నిలబడితే ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపుతాం, కోపం తెచ్చుకోవద్దు.

మధ్యాహ్నం అన్నం?

ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకోవాలి. పప్పన్నం, పులుసన్నం, పెరుగన్నం ఏదైనా సరే, చేపల పులుసైనా సరే. ప్యాకెట్ చిప్సు, కూల్ డ్రింకులు లోపలికి రానివ్వం. పొద్దున అన్నం వండే వీలు లేని ఇళ్లు ఉంటాయి, వలస పనుల రోజుల్లో మరీనూ. అలాంటప్పుడు టీచరు చెవిలో ఒక మాట వేయండి, మా స్టాఫు వంటలో ఆ బిడ్డకూ కలుస్తుంది.

ఒంట్లో బాగాలేకపోతే?

మీకు ఫోను, దగ్గరి డాక్టరు, ఈ వరుసలో. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో నులిపురుగుల దినం నాడు ప్రభుత్వం ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మా బడిలోనూ వేస్తాం. వద్దనుకుంటే ముందే చెప్పండి, ఎందుకు మంచిదో మాట్లాడుకుందాం. ఆడపిల్లలకు టాయిలెట్లు వేరు, నీళ్లు ఎప్పుడూ ఉంటాయి, ప్యాడ్లు ఆయమ్మ దగ్గర ఉంటాయి. నెలసరి వచ్చిందని పిల్లను బడి మానిపించొద్దు.

తుఫాను వస్తే బడి ఉంటుందా?

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కలెక్టరు సెలవు ప్రకటిస్తే సెలవే. ప్రకటన రాకపోయినా వాగు పొంగి దారి మునిగితే బస్సు పంపం, ఆ రోజు రానివాళ్లకు ఆబ్సెంట్ వేయం. 2021 నవంబరులో కోవూరు దగ్గర హైవే, రైలు మార్గం తెగిపోయిన రోజులు అందరికీ గుర్తే. పోయిన పనిదినాలు రెండో శనివారాల్లో పూర్తి చేస్తాం. మార్చి మధ్య నుంచి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఒంటిపూట బడి.

మేం ఊళ్లో ఉండం, అవ్వాతాతలే చూసుకుంటారు. మీటింగుకు ఎవరు రావాలి?

వాళ్లే రావాలి. బిడ్డను లేపి, తల దువ్వి, బస్సు ఎక్కించేది వాళ్లు. "మాకు చదువు రాదు, మాకేం తెలుసు" అని వెనక కూర్చునే తాతలను ముందుకు పిలిచి కూర్చోబెడతాం. ప్రోగ్రెస్ కార్డులో ఏముందో తెలుగులో చదివి వినిపిస్తాం. ఇంట్లో వాళ్లు చేయాల్సింది పెద్దగా ఏం లేదు: రోజూ బిడ్డ చేత పది నిమిషాలు పేపరో కథో చదివించుకుని వినడం, రాత్రి తొమ్మిదికల్లా ఫోన్ పక్కన పెట్టించడం.

మీరు బెంగుళూరు నుంచో గల్ఫ్ నుంచో మాట్లాడాలంటే ఆదివారం సాయంత్రం వీడియో కాల్ పెట్టుకుందాం. వాట్సాప్ గ్రూపులో సెలవులు, ఫీజు తేదీలు, బస్సు సంగతులు మాత్రమే వస్తాయి. ఏ బిడ్డ మార్కులూ అందులో పెట్టం.

మధ్యలో మానిపించాల్సి వస్తే టీసీ ఇస్తారా?

ఇస్తాం. అడిగిన రోజో మర్నాడో. ఫీజు బాకీ ఉన్నా ఆపం, బాకీ సంగతి తర్వాత చూసుకుందాం. టీసీతో పాటు బిడ్డ నోటు పుస్తకం కాపీ కూడా ఇస్తాం, కొత్త బడి టీచరుకు చూపించండి. వెళ్లేది ప్రభుత్వ బడికైనా, ఇంకో ఊరికైనా, యూడైస్‌లో మా వైపు నుంచి బిడ్డ పేరు విడుదల చేశామో లేదో అడిగి చూసుకోండి. అది చేయకపోతే అక్కడ పేరు ఎక్కదు. ఆఫీసు పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా, శనివారం కూడా తెరిచే ఉంటుంది.